ఎన్ని కోడెలు కట్టిన్రు?

రాయమల్లుకు సీమోనంటే పడదు. ఎందుకు పడదని మాత్రం అడగొద్దు. సీమోను వాడిని ఒక మాట అన్నది లేదు, వాడి వెనకాల చాడీలు చెప్పిందీ లేదు. పైగా పట్నంలో ఎమ్మేలో చేరిన కొత్తలో రాయమల్లు జ్వరమొచ్చి మూలుగుతుంటే, హాస్టల్ వంటాయన్ని బతిమాలి జావ కాయించి తెచ్చింది ఆ సీమోనే. అదిగో, అక్కడే వచ్చింది మంట. చెడ్డవాణ్ణయితే నలుగురి దగ్గర నాలుగు తిట్లు తిట్టి కడుపుబ్బరం తీర్చుకోవచ్చు. మంచివాడి మీద కుళ్లుకున్నవాడికి ఆ సుఖం కూడా లేదు, లోపల్లోపలే ఉడకాలి. రాయమల్లు రెండేళ్లుగా అలా ఉడుకుతున్నాడు.

అరవై ఆరో సంవత్సరం సంగతి ఇది. ఇద్దరూ సమాజశాస్త్రం ఎమ్మే రెండో ఏడు. రాయమల్లుది వేములవాడకు దగ్గర్లో ఒక పల్లె. సాలెవాళ్లు. బాపు షోలాపూర్ మిల్లులో పని చేస్తాడు, అవ్వ శంకరవ్వ ఇంటి దగ్గర గుంటమగ్గం మీద చీరలు నేస్తుంది. ఆ వాడలో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు వీడే. సీమోనుది ఆదిలాబాద్ జిల్లా, భైంసా దిక్కు. తండ్రి ఆశీర్వాదం కాస్తంత రేగడి భూమిలో పత్తి వేసుకునే రైతు. ఆదివారం పూట మిషన్ గుడిలో పాటలందుకునే మనిషి.

వాళ్లకు పాఠం చెప్పే అంబదాస్ సారుదీ ఆదిలాబాదే. ఈ ముక్క రాయమల్లు ఒక్క పూట కూడా మరిచిపోలేదు. సారు సీమోనును చూసి నవ్వితే జిల్లావాడని నవ్వాడు. సీమోను కాగితం మెచ్చుకుంటే జిల్లావాడిదని మెచ్చుకున్నాడు. ఒకసారి సీమోనును అందరి ముందూ కడిగి ఆరేశాడు, అదీ జిల్లావాడన్న చనువే! ఇట్లా ఏం జరిగినా వాడి లెక్కకే సాక్ష్యమయ్యేది.

ఆ ఏడు సారు నేర్పుతున్న విద్య పరిశోధనకు ప్లాను వేయడం. ఊళ్లమీదపడి జనాన్ని ఏదో ఒకటి అడిగి రావడం కాదు. అడగబోయే ముందు గదిలో కూర్చొని కాగితం మీద ఆలోచించే పని. సారు బోర్డు మీద ఎప్పుడూ నాలుగే ముక్కలు రాసేవాడు. రాసి, ఒక్కొక్కదాన్నీ సుద్దముక్కతో పొడుస్తూ చదివేవాడు.

"ఏం తెలుసుకుంటవ్? ఎవల్ని అడుగుతవ్? ఏమని అడుగుతవ్? నీ మాట తప్పయితే, తప్పని దేంతోని తెలుస్తది?"

మొదటి మూడూ ఎవరైనా రాసేస్తారు. నాలుగోదాని దగ్గర అందరికీ నోట్లో వెలక్కాయ పడేది. తన మాట తప్పెట్లా అవుతుందో ముందే ఆలోచించి పెట్టుకునేవాడు ఈ లోకంలో ఎక్కడుంటాడు? రాయమల్లుకైతే ఆ ప్రశ్నే అవమానంగా ఉండేది.

వాడు మొదట రాసిన ప్లాను పేరు 'కరీంనగర్ జిల్లా చేనేత కుటుంబాల సమగ్ర జీవన పరిశీలన'. తిండి, బట్ట, చదువు, రోగాలు, పెండ్లిళ్లు, అప్పులు, దేవుళ్లు, అన్నీ పెట్టాడు. సారు కాగితాలు అటూ ఇటూ తిప్పాడు.

"గిది పరిశోధన గాదురా, జాతర. అందరొచ్చిన్రు, అన్నీ వెట్టిన్రు, ఎవడేడ తప్పిపోయిండో తెల్వది."

క్లాసంతా గొల్లున నవ్వింది. సీమోను నవ్వలేదు. రాయమల్లు ఓరకంటితో చూసి మరీ నిర్ధారణ చేసుకున్నాడు, నవ్వలేదు. వాడు కూడా నవ్వి ఉంటే ఎంత హాయిగా ఉండేది!

ఆ తర్వాత రాయమల్లు పట్టుదలగా కూర్చొని ప్లానును చెక్కి చెక్కి చిన్నది చేశాడు. సహకార సంఘంలో చేరిన సాలెవాళ్లు, చేరని సాలెవాళ్లు. ఇద్దరికీ నూలు దొరకడంలో తేడా ఏమిటి? అంతే. సారు చదివి తల ఊపాడు. "ఇప్పుడు మనిషివైనవ్," అన్నాడు. రాయమల్లు ఆ రోజు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నాడు. మర్నాడు సీమోను తన ప్లాను చదివాడు. ఆ తిన్నదంతా అరగకుండా పోయింది.

సీమోను అడగదలచుకున్నది ఒకే ఒక్క సంగతి. సర్కారు అభివృద్ధి బ్లాకులు పెట్టి, విత్తనాలిచ్చి, బావులకు సాయమిచ్చి ఇన్నేళ్లయింది కదా, ఊళ్లలో నిజంగా ఎవరు పైకొస్తున్నారు? భూమి ఎంతుందని అడిగితే ఎవరూ నిజం చెప్పరు, సీలింగు చట్టం భయం. పంట అడిగితే అసలే చెప్పరు.

"అందుకే భూమి అడగను సార్," అన్నాడు సీమోను. "ఎడ్లను అడుగుత. ఎడ్లను దాసుడు ఎవనితోటి గాదు. అండ్ల గూడ, కొత్తగ ఎన్ని కోడెలు కట్టిన్రని అడుగుత. మా దిక్కు కోడెలను కొత్తగ కాడికి గట్టిండంటే ఆ ఇల్లు ఎదుగుతున్నట్టు. ఇదివరకు ఎడ్లు లేని కూలోళ్లు గూడ కోడెలు గడుతున్నరంటే ఊరు బాగువడ్డట్టే. వాళ్లు గట్టక, ఉన్నోళ్లే మళ్లా గట్టిన్రంటే, ఊరు బాగువడ్డదన్న నా మాట తప్పయినట్టు."

నాలుగో ప్రశ్నకు జవాబు! సారు కుర్చీలోంచి లేచాడు.

"బరాబర్ చెప్పినవ్‌రా!"

రాయమల్లు గోళ్లతో బల్ల గీకుతూ కూర్చున్నాడు. ఇంత తేలిక మాట తనకెందుకు తట్టలేదు? తట్టదు మరి, ఇంట్లో ఎడ్లుండాలి కదా. తన ఇంట్లో ఉన్నది మగ్గం. పుట్టుకలోనే సీమోను తనకంటే ముందు పుట్టాడన్నట్టు ఉక్రోషపడ్డాడు వెర్రివాడు.

ఆఖరికి ఈ రెండు ప్లాన్లే మిగిలాయి. ఏది నెగ్గితే దాని మనిషి సారు దగ్గర రిసెర్చి స్కాలరుగా ఉండిపోతాడు. అట్లాంటి చోటు ఒక్కటే ఉంది. రెండోవాడు ఎక్కడైనా బడిపంతులు పని వెతుక్కోవాలి. దొరక్కపోతే రాయమల్లుకు షోలాపూర్ బండి సిద్ధంగా ఉంది. ఎమ్మే చదివి మిల్లులో బాపు పక్కన నిలబడడం తలుచుకుంటేనే వాడికి చెమట పట్టేది.

సారు ఇద్దరినీ పిలిచి చెప్పాడు. "రెండు ప్లాన్లూ ఊళ్లె అడిగి చూడాలె. వేములవాడ దిక్కే పోండి, రాయమల్లు ఊరే గదా, ఉండ జాగ దొరుకుతది. కాని ఒక్క ముచ్చట. సీమోను ప్రశ్నలు రాయమల్లు అడగాలె, రాయమల్లు ప్రశ్నలు సీమోను అడగాలె. ఎవని ప్రశ్న వాడడిగితే, వానికి గావలసిన జవాబే వినవడుతది. అడిగేటోడు వాళ్లకు అర్థాలు జెప్పొద్దు. వాళ్లన్నది అన్నట్టు రాయాలె."

అట్లా ఇద్దరూ పెట్టెలు పట్టుకొని రాయమల్లు ఊళ్లో దిగారు.

ఇంటి ముందు సీమోను కాళ్లు కడుక్కుంటుండగా శంకరవ్వ కొడుకును లోపలికి లాగింది. "ఎవలురా ఈ పిలగాడు? పేరేంది?"

రాయమల్లు పెట్టె దించే నెపంతో అటు తిరిగాడు. సెలవులకు వచ్చిన ప్రతిసారీ అవ్వ దగ్గర వాడు చెప్పేది సీమోను సంగతే. సీమోనుకు ఎక్కువొచ్చాయి, సీమోనును సారు మెచ్చుకున్నాడు, సీమోను ఉన్నంతకాలం నన్నెవరూ చూడరు. ఇప్పుడా సీమోనే వాకిట్లో నిలబడి చెంబుతో నీళ్లు పోసుకుంటున్నాడని ఏ ముఖం పెట్టుకొని చెప్పడం?

"ఆశీర్వాదం," అన్నాడు. నోటికొచ్చిన పేరు సీమోను తండ్రిది.

శంకరవ్వ అలాగే పిలిచింది. సీమోను మొదట తెల్లబోయాడు. "మా బాపు పేరు వెట్టి పిలుస్తుందేంది?" అని రాయమల్లు చెవిలో అడిగాడు.

"మా దిక్కు గట్లనే, ఇంటిపేరు లెక్క," అన్నాడు రాయమల్లు. సీమోను నమ్మేశాడు. నమ్మడం అంత తేలికగా వచ్చే మనిషిని చూసినా రాయమల్లుకు ఒళ్లు మండేది.

మొదటి రోజు శంకరవ్వ ఆ పిల్లవాడికి బయట అరుగు మీదే విస్తరి వేసింది. ఏ కులమో ఏమో అన్న జంకు. రెండో రోజు సీమోను మగ్గం దగ్గర చతికిలబడి, పోగుల మధ్య నాడె అటూ ఇటూ ఎట్లా పోతుందో చూసి, తనూ ఒకసారి విసిరి, పోగులు తెంపి, నాలుక కరుచుకున్నాడు. శంకరవ్వ పడీ పడీ నవ్వింది. తెగిన పోగులు అతికించడం నేర్పింది. మూడో రోజు అన్నానికి లోపలికే పిలిచింది. రాయమల్లు ఆ పూట సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు. ఇంత లోకంలో సీమోనుకు ఇంకో అవ్వ దొరకలేదా?

ఇక అసలు సంగతికొస్తాను.

సీమోను ప్రశ్నలు పట్టుకొని రాయమల్లు మొట్టమొదట వెళ్లింది పోశవ్వ ఇంటికి. రెక్కలు తప్ప ఆస్తిలేని కూలి మనిషి. వాకిట్లో కోళ్లగంప తప్ప ఏమీ లేదు. ఎడ్లెన్ని అని అడిగితే పోశవ్వ నవ్వింది. "ఎడ్లా? మాకెక్కడియి బిడ్డా!" తరవాతి ప్రశ్న కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు.

"ఈ మూడేండ్లల్ల ఎన్ని కోడెలు కట్టిన్రు?"

"కోడెలా? రెండు గట్టినం బిడ్డా. పోరనికి పాణం బాగలేకుంటె ఒకటి. మొన్న శివరాత్రికి ఒకటి."

రాయమల్లు పెన్సిలు ఆగింది. ఒక్క క్షణం. ఆ క్షణంలో వాడికి అంతా తెలిసిపోయింది. భైంసాలో కోడెను కడితే కాడికి కడతారు. వేములవాడ చుట్టుపక్కల కోడెను కట్టడమంటే వేరే. అది వేములవాడ గుడిలోని శివుడికి, రాజన్నకు, మొక్కే మొక్కు. బిడ్డకు జ్వరం తగ్గాలనో, కొడుక్కు పెండ్లి కావాలనో మొక్కుకుంటారు. మొక్కుకున్నాకో, మొక్కు తీరాకో గుడికి వెళ్లి, అక్కడి కోడెను పలుపు పట్టి చుట్టూ తిప్పి, అక్కడే కట్టేసి, దండం పెట్టి ఇంటికొస్తారు. కోడె దేవుడిది, మొక్కు వాళ్లది. ఈ చుట్టుపక్కల కోడె కట్టని ఇల్లు ఉండదు. గొడ్డూ గోదా లేనివాడు కూడా కడతాడు. ఇంకా చెప్పాలంటే లేనివాడే ఎక్కువ కడతాడు.

సీమోను ప్లానంతా ఏ ప్రశ్న మీద నిలబడిందో, ఆ ప్రశ్నే ఇక్కడ బోల్తా పడింది.

చెప్పొచ్చు కదా? సాయంత్రం ఇంటికి పోయి, 'అరె సీమోనూ, నీ ప్రశ్న మా దిక్కు పనికిరాదురా' అనొచ్చు. నోటి ముత్యాలేం రాలిపోవు. కనీసం పోశవ్వ అన్న మాట అన్నట్టు పక్కన రాయొచ్చు, సారు రాయమన్నదే కదా! రాయమల్లు రాసింది ఒక్క అంకె. రెండు. రాసి, కాగితం మడిచి, పక్క ఇంటికి నడిచాడు. అడిగేవాడు అర్థాలు చెప్పొద్దని సారే అన్నాడు, నేనెందుకు చెప్తాను అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కుళ్లు పట్టినవాడికి నియమాలు ఎంత బాగా గుర్తుంటాయో చూడండి!

ఆ నాలుగు రోజులూ అదే తంతు. కూలివాళ్ల ఇండ్లలో, చాకలి ఇండ్లలో, ఎక్కడికి పోయినా కోడెలే కోడెలు. సీమోనేమో సాలెవాడలోనే రాయమల్లు ప్రశ్నలు అడుగుతూ తిరుగుతున్నాడు, ఈ వాకిళ్లు చూసింది లేదు. మాపటికి రాయమల్లు కాగితాలు చూసి బుర్ర గోక్కునేవాడు.

"కూలోళ్లకు గిన్ని కోడెలేందిరా? ఎడ్లు సున్న అని రాసినవ్, కోడెలు రెండంటవ్."

"ఏమో, కొత్తగ కొంటున్నరేమో. బాగువడుతున్నట్టున్నరు," అన్నాడు రాయమల్లు, చూపు తప్పించకుండానే. అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని వాడికే తెలియదు. సారు ముందు సీమోను లేచి, ఈ ఊళ్లో కూలివాళ్లందరికీ కోడెలున్నాయని చదువుతుంటే ఎట్లా ఉంటుందో పడుకునే ముందు ఊహించుకునేవాడు. జాతర ఎవరిదో అప్పుడు తెలుస్తుంది.

ఆఖరి రోజు పొద్దుగూకే వేళ. అవ్వ ఉల్లిగడ్డలు తెమ్మంటే రాయమల్లు దుకాణానికి పోయి తిరిగొస్తున్నాడు. తలుపు ఓరగా వేసి ఉంది. లోపల సీమోను గొంతు వినిపించి గడప బయటే ఆగిపోయాడు.

"అవ్వా, నా ప్రశ్నలు నేను అడగొద్దు గని, ఒక్క ఇల్లు అడిగి చూస్త. నాకేదో తిరకాసు గొడుతుంది. జర జెప్పు, ఈ మూడేండ్లల్ల కోడెలెన్ని గట్టిన్రు?"

"ఒక్కటే బిడ్డా. మొన్న ఎండకాలంల గట్టిన."

సీమోను ఆ ఇంట్లో నాలుగు రోజుల నుంచి ఉంటున్నాడు. ఉన్న ఒక్క గదిలో సగం మగ్గమే. "మరి కోడె ఏదవ్వా?"

శంకరవ్వ పకపకా నవ్వింది. "ఏదేంది బిడ్డా, రాజన్న గుడికాడుంటది. మొక్కు గదా! నీకెరుక లేదా? కట్టి, దండం వెట్టి వచ్చుడే."

"ఓహో," అన్నాడు సీమోను. చాలా నెమ్మదిగా అన్నాడు. తెలిసిపోయింది. బయట రాయమల్లు చేతిలో ఉల్లిగడ్డల మూట బిగుసుకుంది. ఇంతటితో ఆగిపోయినా బాగుండేది. ఆగలేదు.

"దేనికి మొక్కినవవ్వా?"

"మావోని సదువుకే. ఇగో, నీకంటె దాసుడేంది, వాని దోస్తువు. వీళ్ల క్లాసుల సీమోనని ఒగడున్నడట. ఆ సీమోను కంటె మా పిలగాడు ముందట వడాలె రాజన్నా అని కోడెను గట్టి వచ్చిన. మా వాడు వాని పేరు జెప్పని రోజుండదు బిడ్డా. అన్నం దింటుంటె సీమోను, పండుకుంటె సీమోను. నీకెరికేనా వాడు?"

"ఎరికే అవ్వా."

"ఎసొంటోడు? చెడ్డోడా?"

"నీ కొడుకేమని చెప్పిండు?"

"చెడ్డోడని ఎన్నడు చెప్పలె. మస్తు తెలివిగలోడట, మంచోడట. చెడ్డోడైతె మొక్కెందుకు బిడ్డా? వాడే పడిపోతడు. మంచోడు గనుకనే నాకు భయం. నువ్వు జర మావోని పక్కకుండు ఆశీర్వాదం."

ఇప్పుడు చెప్తాడు, నేనే సీమోనని ఇప్పుడు చెప్తాడు అనుకున్నాడు రాయమల్లు. అవ్వ ముఖం ఏమైపోతుందో తలుచుకొని కళ్లు మూసుకున్నాడు.

"ఉంట అవ్వా," అన్నాడు ఆశీర్వాదం.

రాయమల్లుకు ఏడుపొచ్చింది. సిగ్గుతో అనుకునేరు. సిగ్గూ ఉంది, కాదనను. కానీ దానికంటే ముందు ఎగదన్నుకొచ్చింది మళ్లీ ఆ పాడు మంటే. తను చెప్పిన అబద్ధం ఒక పిరికి అబద్ధం. అదే అబద్ధాన్ని సీమోను ఎత్తుకుంటే అవ్వ మనసు నిలబడింది. ఆఖరికి అబద్ధం ఆడడంలో కూడా వాడే తనకంటే మేలా?

మర్నాడు కరీంనగర్ బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. తిడతాడేమోనని రాయమల్లు ఎదురుచూశాడు. తిడితే బాగుండు, తనూ తిట్టొచ్చు. సీమోను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. బస్సు ఎక్కడో ఆగి, దిగేవాళ్లు దిగాక, ఇటు తిరిగాడు.

"రాయమల్లు, ఆ పోశవ్వ కోడెలు రెండన్నదని రాసినవు గదా. ఆమె ఇంకేమన్న అన్నదా?"

అడిగిన తీరులో ఎత్తిపొడుపు లేదు. తలుపు తీసి పట్టుకున్నాడు, నువ్వే రా అన్నట్టు. రాయమల్లుకు అది అర్థమైంది. అర్థమైంది కనుకనే ఇంకా మొండికెత్తాడు. వీడు తీసిన తలుపులోంచి నేను పోవాలా?

"రెండన్నది. గంతే."

"గంతేనా?"

"గంతే."

సీమోను తల ఊపి మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. కరీంనగర్ వచ్చేదాకా ఇక తిరగలేదు.

అంబదాస్ సారు అప్పటికే పట్నం నుంచి కరీంనగర్ వచ్చి, సర్కారు బంగళా వరండాలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. ముందు రాయమల్లు ప్లాను సంగతి విన్నాడు. సీమోను ఆ ప్రశ్నలు అడిగి, సాలెవాళ్లు అన్న మాటలు అన్నట్టే రాసుకొచ్చాడు. ఎక్కడ తడబడ్డారో, ఏ మాట తిరిగి అడగాల్సి వచ్చిందో, దేన్ని ఎట్లా మారిస్తే బాగుంటుందో కూడా పక్కన రాశాడు. దాంతో రాయమల్లు ప్లాను ఇంకా పదునెక్కింది. సారు సంతోషించాడు. రాయమల్లు తన కాళ్ల వేళ్లనే చూసుకుంటూ కూర్చున్నాడు.

తరవాత సీమోను లేచాడు. "నా ప్రశ్న తప్పింది సార్."

కోడె సంగతంతా చెప్పాడు. సారు మొదట పగలబడి నవ్వాడు, తొడ చరుచుకున్నాడు. "వారెవా! మన దిక్కు కాడికి గడితే, వీళ్లు దేవునికి గడుతరు. మరిప్పుడేం జేస్తవ్?"

"ఆ ప్రశ్నను కాడికి గట్టిన కోడెలని మారుస్త సార్. కాని మొక్కును తీసెయ్య. దాన్ని వేరే ప్రశ్న జేస్త. మూడేండ్లల్ల కోడెను దేనికి మొక్కిన్రు? మనం భూమి అడిగితే దాస్తరు, పంట అడిగితే దాస్తరు. మొక్కును ఎవలు దాస్తలేరు. ఒకలు బావిల నీళ్లు వడాలని గట్టిన్రట, ఒకలు పోరని నౌకరికని. ఒక అవ్వ కొడుకు సదువుకు గట్టింది." మిగతాది చెప్పలేదు. "ఎడ్లు ఇంట్ల ఏమున్నదో చెప్తయి. మొక్కు ఏం గావాల్నో చెప్తది. రెండు పక్కపక్కన వెడితే, ఊరు ఏ దిక్కు పోవాలనుకుంటుందో, ఏడ ఆగిపోయిందో తెలుస్తది సార్."

సారు ఈసారి నవ్వలేదు. కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకొని సీమోనును అలాగే చూశాడు.

రాయమల్లు గుండె భగ్గుమంది. అది నాది! నా ఊరు, నా రాజన్న, నా అవ్వ మొక్కు! పుట్టినప్పటి నుంచి ఆ కోడెల మధ్య తిరిగింది నేను. పోశవ్వ వాకిట్లో మొదట తెలిసింది నాకు. అప్పుడే నోరు తెరిచి ఉంటే, ఆ తర్వాతి ఆలోచనా నాకే తట్టి ఉండేది. తట్టకుండా ఎట్లా ఉంటుంది? మొక్కంటే ఏమిటో నాకు తెలిసినంత వీడికేం తెలుసు? నాలుగు రోజులు దాన్ని దాచడానికే సరిపోయింది, దాని గురించి ఆలోచించే తీరికే లేకపోయింది.

"గీ మొక్కు ముచ్చట నీకెవలు చెప్పిన్రు?" అడిగాడు సారు.

"ఒక అవ్వ సార్."

సారు రాయమల్లు కాగితాలు చేతిలోకి తీసుకొని తిప్పాడు. అన్నిట్లో అంకెలే. "నువ్వీ దిక్కోనివే గదా రాయమల్లు. కోడె గట్టుడంటే ఏందో నీకు తెల్వదా?"

తెలియదు అంటే సరిపోతుంది. పోనీలే, కాలేజీ పిల్లవాడు మరిచిపోయాడు అనుకుంటాడు సారు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ తెలియదంటే, ఈ కోడె కనిపెట్టింది సీమోను అవుతాడు. అది రాయమల్లు వల్ల కాలేదు. ఏమైనా పోనీ, అది మాత్రం వల్ల కాలేదు!

"తెలుసు సార్," అన్నాడు గట్టిగా. "అందరికంటె ముందు నాకే తెలుసు. మొదటి ఇంట్లనే తెలిసింది. పోశవ్వ నోటితోనే చెప్పింది."

అనేశాక ఆ మాట వరండాలో ఎంత పెద్దగా వినపడిందో వాడికి తెలిసొచ్చింది. సీమోను నేల చూశాడు. సారు కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మరి రాయలేదేం?"

"అడిగేటోడు అర్థం జెప్పొద్దన్నరు గద సార్."

"వాళ్లకు జెప్పొద్దన్న. మాకు జెప్పొద్దనలే."

సారు కోప్పడలేదు. చాలాసేపు వీధిలో పోయే రిక్షాలను చూస్తూ కూర్చొని, చివరికి సీమోను ప్లానే ఖాయం అన్నాడు. ఆ మాట రాయమల్లు ఎదురుచూసిందే, అంతగా తగల్లేదు. సారు అక్కడితో ఆపలేదు. పెద్ద మనసు ఆయనది.

"సీమోనూ, ఈ దిక్కు ఊళ్లు తిరగాలంటే ఈ దిక్కు మాట తెలిసినోడు తోడుండాలె. రాయమల్లును తీస్కపో. ప్లాను నీది, అడుగుడు ఇద్దరిది. ఏమంటవ్?"

రాయమల్లు తలెత్తాడు. రెండేళ్లలో మొదటిసారి సీమోను ముఖంలోకి సూటిగా చూశాడు. ఒప్పుకుంటాడని వాడికి ధీమా. జావ తెచ్చినవాడు, అవ్వ మనసు కాచినవాడు ఒప్పుకోకుండా ఎట్లా ఉంటాడు? ఈ ఒక్కసారి ఒప్పుకుంటే, రాజన్న సాక్షిగా, ఇక ఎప్పుడూ...

"వద్దు సార్," అన్నాడు సీమోను.

"కోపమొచ్చిందా?"

"కోపం గాదు సార్. బస్సుల గూడ అడిగిన. ఈయన ఏ ఇంట్ల ఏం రాసినా, ఎనుక నేను పోయి మళ్లా అడగాలె. రెండు సార్లు అడిగితే జనం పరేషానైతరు."

అంతే. గొంతు పెంచలేదు. సారు సరే, ఇంకొకణ్ణి చూద్దాం లెమ్మన్నాడు. సీమోను కాగితాలు సర్దుకుంటుంటే, రాయమల్లు బంగళా మెట్లు దిగి బస్టాండు దారి పట్టాడు.

ఎండ మాడుస్తోంది. వాడికి ఎండ తెలియలేదు. ఆ ఇంకొకడు ఎవడై ఉంటాడా అని ఆలోచిస్తున్నాడు. ఏ జిల్లావాడో, ఏమి చదివాడో తెలియదు. సీమోను పక్కన బస్సులో కూర్చుంటాడు, సీమోనుతో కలిసి ఎవరి అరుగు మీదో అన్నం తింటాడు, వాడు రాసిన అంకెను సీమోను మారుమాట అడగకుండా తీసుకుంటాడు. పేరు కూడా తెలియని ఆ మనిషి మీద రాయమల్లుకు అప్పుడే కడుపు రగలడం మొదలైంది. ఇన్నాళ్లూ సీమోను మీద పడ్డ కుళ్లంతా దీని ముందు ఏ మూలకూ చాలదు.